జర్నలిజం కోర్సుకు ఎంత పెట్టొచ్చు? ఎంసీజే, పత్రికల స్కూళ్లు, ఐఐఎంసీ, నేరుగా రిపోర్టింగ్: ఏది ఎవరికి

డిగ్రీ చేతికొచ్చిన ఏడాది మీడియా మీద మనసున్న పిల్లలందరికీ ఇదే తర్జనభర్జన. ఉస్మానియాలో ఎంసీజే (కమ్యూనికేషన్, జర్నలిజంలో పీజీ) సీటు వస్తే చేరిపోవాలా, పత్రికల వాళ్ల సొంత స్కూలు ప్రకటన పడేదాకా ఆగాలా? ఢిల్లీలోని ఐఐఎంసీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) పోవాలా, చెన్నైలో లక్షలు పోసి ఇంగ్లిషు జర్నలిజం చదవాలా? అసలు ఏ కోర్సూ లేకుండా ఊళ్లోనే కంట్రిబ్యూటరుగా (జీతం లేని స్థానిక విలేకరిగా) మొదలుపెడితే పోలా? ఇంట్లోవాళ్లు మాత్రం ఒకే ప్రశ్న అడుగుతారు: చదివితే ఎంతొస్తుంది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తెలుగు మీడియాలో పనిచేయాలనుకునేవాళ్లు ఈ చదువుకు అప్పు చేయొద్దు. ఎంబీబీఎస్ లేకుండా స్టెతస్కోపు పట్టుకుంటే కేసు పెడతారు. జర్నలిజం పట్టా లేకుండా ఎడిటరు కుర్చీ దాకా వెళ్లినవాళ్లు మన పత్రికల్లో కోకొల్లలు. సొంత స్కూలు పెట్టి జీతంలాంటి భృతి ఇస్తూ నేర్పే సంస్థలు ఉన్న రంగమిది. ఇక్కడ ఫీజు కట్టి నేర్చుకోవాలంటే అందుకు గట్టి కారణం ఉండాలి. ఆ కారణం కొందరికి నిజంగానే ఉంటుంది, వాళ్ల సంగతీ చూద్దాం.

## దేన్ని బట్టి పోల్చాలి

అసలు ఖరీదు. ప్రాస్పెక్టస్‌లో కనిపించే ఫీజు ఇందులో చిన్న ముక్క. రెండేళ్ల పీజీ చేసే కాలంలో ఏదో ఒక ఉద్యోగంలో నెలకు 15 వేలు తెచ్చుకోగల మనిషి వదులుకునేది 3.6 లక్షలు. హాస్టలు, తిండి ఖర్చు ఉద్యోగం చేసినా తప్పదు కాబట్టి దాన్ని ఇందులో కలపడం లేదు. కాకపోతే చదువుకునే రెండేళ్లూ ఆ ఖర్చు ఇంటి నుంచే రావాలి. హైదరాబాద్‌లో నెలకు 8 వేలు వేసుకున్నా రెండేళ్లకు 1.92 లక్షలు. నాన్న పంపగలిగేది ఎంతో ముందు అడిగి తెలుసుకోండి.

మొదటి ఉద్యోగం ఎవరిస్తారు. కోర్సు పూర్తయిన రోజు మీ కాపీ (రాసిన వార్త) చూసిన సీనియర్ జర్నలిస్టు ఒక్కరైనా ఉంటారా? ఉంటే ఆ కోర్సు పనికొచ్చినట్టే. ప్లేస్‌మెంట్ సెల్ ఉందన్న మాటకు ఈ రంగంలో పెద్ద విలువ లేదు.

మీడియా వదిలేస్తే పట్టా ఎక్కడ చెల్లుతుంది. దీన్ని చాలామంది మరిచిపోతారు. ముప్పై దాటాక, పెళ్లయి పిల్లలు పుట్టాక రాత్రి డెస్కులు (వార్తలు దిద్ది పేజీలు పెట్టే విభాగాలు) విడిచిపెట్టేవాళ్లు తక్కువేం కాదు. అప్పుడు లెక్చరర్, పీఆర్వో, కార్పొరేట్ కమ్యూనికేషన్ లాంటి తలుపులు తెరవడానికి ఏ కాగితం పనికొస్తుందో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

కట్టుబాట్లు. బాండు (ఇన్నేళ్లు పనిచేస్తానన్న ఒప్పందం) ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి.

| దారి | కాలం | జేబులోంచి పోయేది | మొదటి ఉద్యోగం | మీడియా బయట పట్టా విలువ |
|---|---|---|---|---|
| పత్రికల సొంత స్కూలు | సుమారు ఏడాది | దాదాపు ఏమీ లేదు, భృతి వస్తుంది | అదే సంస్థలో | తక్కువ |
| రాష్ట్ర యూనివర్సిటీ ఎంసీజే / ఎంఏ | 2 ఏళ్లు | ఫీజు తక్కువే, వదులుకున్న జీతమే ఎక్కువ | మీరే వెతుక్కోవాలి | బాగుంటుంది |
| హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) ఎంఏ | 2 ఏళ్లు | ఫీజు తక్కువ | ఇంగ్లిషు బాగుంటే సులువు | చాలా బాగుంటుంది |
| ఐఐఎంసీ పీజీ డిప్లొమా | ఏడాది | ఫీజే లక్ష నుంచి 2 లక్షల దాకా, పైన హాస్టలు | జాతీయ సంస్థలు, పీఆర్ | బాగుంటుంది |
| ప్రైవేటు ఇంగ్లిషు కాలేజీలు | దాదాపు ఏడాది | హాస్టలుతో కలిపి 5 లక్షల పైన | ఇంగ్లిషు డిజిటల్, పత్రికలు | మధ్యస్థం |
| కోర్సు లేకుండా కంట్రిబ్యూటర్ | వెంటనే | పెట్రోలు, ఫోను, కాలం | ఉద్యోగం అనలేం | లేదు |

## పత్రికల సొంత స్కూళ్లు

ఈనాడు జర్నలిజం స్కూలు ఈ పద్ధతికి పెద్ద గుర్తు. సాక్షి, ఆంధ్రజ్యోతి కూడా అదే బాటలో తమ సిబ్బందిని తామే తయారుచేసుకున్నాయి. ప్రకటన పత్రికలోనే పడుతుంది. డిగ్రీ ఉంటే చాలు, ఏ సబ్జెక్టయినా ఫర్వాలేదు. రాతపరీక్షలో తెలుగు, ఇంగ్లిషు, అనువాదం, వర్తమాన వ్యవహారాలు, ఆపైన ఇంటర్వ్యూ. ఎంపికైతే ఏడాది శిక్షణ, ఇటీవలి ప్రకటనల ప్రకారం నెలకు 10 వేలకు పైన భృతి. శిక్షణ కాగానే ఉద్యోగం. బదులుగా మూడేళ్లు పనిచేస్తానని ఒప్పందం రాయాలి.

ఈ మూడేళ్ల ఒప్పందం అనగానే చాలామంది భయపడతారు. నాకైతే అది పెద్ద సమస్యగా అనిపించదు, ఎందుకంటే డెస్కులో మొదటి రెండేళ్లు నిజంగా చదువుకునే కాలమే. ఒక జిల్లా డెస్కులో సాయంత్రం ఆరింటికి ఏం జరుగుతుందో చూడండి. మండలం నుంచి ప్రమాద వార్త వచ్చింది: బైకును లారీ ఢీకొంది, ఇద్దరు చనిపోయారు. చనిపోయినవాళ్ల వయసు లేదు. లారీ ఎటు నుంచి వచ్చిందో లేదు. మొదటి పేరాలో ఎస్సై పేరుంది, మృతుల పేర్లు మూడో పేరాలో ఉన్నాయి. కంట్రిబ్యూటరు ఫోను ఎత్తడు, ఎత్తితే ఆసుపత్రి దగ్గర గోల. ఈలోగా పక్క మండలం నుంచి అదే ప్రమాదం మీద వేరే లెక్కతో ఇంకో కాపీ. ఎనిమిదిన్నరకు ఆసుపత్రిలో మూడో మనిషి పోయాడు, హెడ్డింగు మార్చాలి, ఫొటో కొలత మార్చాలి, పేజీ వదిలే టైము మాత్రం మారదు. ఈ పని ఏ క్లాసురూములోనూ రాదు. రోజూ చేస్తే మాత్రం ఆరు నెలల్లో వచ్చేస్తుంది.

లోటుపాట్లు వేరే ఉన్నాయి. నేర్పేది ఒక సంస్థ శైలి, ఆ సంస్థ అవసరం. సంస్థ ఇచ్చే డిప్లొమా యూనివర్సిటీ పీజీకి సమానం కాదు కాబట్టి నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాయడానికి పనికిరాదు. రిపోర్టింగ్ మీద ఆశతో వెళ్లిన వాళ్లలో ఎక్కువమంది డెస్కులో కూర్చుంటారు. మూడో ఏడు వచ్చేసరికి రాత్రి షిఫ్టులు ఒంటికి తెలుస్తాయి. ఇంకో సంగతి: ఇంగ్లిషు ఏజెన్సీ కాపీని తెలుగు చేయడమే సబ్ ఎడిటర్ బతుకుదెరువుగా ఉన్న రోజులు పోతున్నాయి. ఆ పనిలో సగం ఇప్పుడు యంత్రం చేస్తోంది. అనువాదం ఒక్కటే తెలిసినవాళ్లకు జీతం పెరగదు. పేజీని, వెబ్‌ను, వీడియోను కలిపి నడపగలిగినవాళ్లకే విలువ.

## రాష్ట్ర యూనివర్సిటీల ఎంసీజే

ఉస్మానియా జర్నలిజం విభాగం 1954లో పుట్టింది. దక్షిణాదిలో పాతవాటిలో ఒకటి. ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర, నాగార్జున, శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీల్లో, తిరుపతి మహిళా విశ్వవిద్యాలయంలో ఈ కోర్సులు ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో చదవాలనుకుంటే హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం ఉండనే ఉంది. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరే 2025లో దానికి పెట్టారు. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ ద్వారా ప్రవేశాలు జరుగుతాయి.

రెగ్యులర్ సీటయితే ఫీజు భారం కాదు. సెల్ఫ్ ఫైనాన్స్ సీటయితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, అదే పాఠానికి ఎక్కువ కడుతున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా అన్న ధీమా కూడా వద్దు. రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు పేరుకుపోవడం, ఫీజు కడితేగాని సర్టిఫికెట్ ఇవ్వమని కాలేజీలు అనడం పాత కథే.

చదువు నాణ్యత కాలేజీని బట్టి కాదు, ఆ ఏడాది అక్కడున్న ఇద్దరు ముగ్గురు టీచర్లను బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల రెగ్యులర్ అధ్యాపకులు తక్కువ, గెస్టు ఫ్యాకల్టీతోనే బండి నడుస్తుంది. చేరేముందు ఒక్క పని చేయండి: డిపార్ట్‌మెంటుకు వెళ్లి ల్యాబ్ జర్నల్ గత మూడు సంచికలు చూపించమనండి. విద్యార్థులు నడిపే ఆ చిన్న పత్రిక క్రమంగా వస్తోందంటే అక్కడ పని జరుగుతున్నట్టే. «ఇప్పుడు రావట్లేదు, మళ్లీ మొదలుపెడతాం» అంటే మీకు విషయం అర్థమైనట్టే.

మరి ఈ పట్టా ఎందుకు? మీడియా బయట ఉన్న తలుపుల కోసం. 55 శాతం మార్కులతో పీజీ ఉంటే నెట్, రాష్ట్రస్థాయిలో సెట్ రాయొచ్చు. నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేల ఫెలోషిప్, చాలా డెస్కుల్లో ఐదేళ్ల అనుభవానికి కూడా అంత రాదు. సమాచార, పౌర సంబంధాల శాఖలో ఏపీఆర్వో (అసిస్టెంట్ పీఆర్వో) లాంటి పోస్టులకు, కేంద్రంలో ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ గ్రూప్-బీ పోస్టులకు జర్నలిజం డిగ్రీయో డిప్లొమాయో అడుగుతారు. నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ పడవు. పడ్డప్పుడు కాగితం లేనివాళ్లు దరఖాస్తే చేయలేరు.

ఉద్యోగంలో ఉంటూ ఆ కాగితం మాత్రం కావాలనుకుంటే ఇగ్నో దూరవిద్య ఉంది. పని నేర్చుకోవడానికి దూరవిద్య పనికిరాదు, అర్హత కోసం చక్కగా పనికొస్తుంది.

## హెచ్‌సీయూ, ఐఐఎంసీ

ఇంగ్లిషులో ధైర్యంగా రాయగలిగితే ఖర్చుకు తగిన ఫలితం హెచ్‌సీయూలోనే ఎక్కువ. సెంట్రల్ యూనివర్సిటీ ఫీజు, సీయూఈటీ పీజీ ద్వారా ప్రవేశం, సొంత కమ్యూనిటీ రేడియో బోల్ హైదరాబాద్. ఇక్కడి ఎంఏ కమ్యూనికేషన్ చేసినవాళ్లు పత్రికలకే కాదు, ఎన్జీవోలకు, పరిశోధనకు, డాక్యుమెంటరీల వైపూ వెళ్తారు. గచ్చిబౌలిలోనే ఇది ఉండగా ఏటా ఎంతోమంది తెలుగు విద్యార్థులు దీని పేరు కూడా వినకుండా సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లకు డబ్బు కడతారు. హైదరాబాద్‌లోని ఇంగ్లిషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో కూడా జర్నలిజం ఎంఏ ఉంది, అదీ చూడండి.

ఐఐఎంసీ 1965 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, 2024లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. దాని బలం పాఠాలకంటే పూర్వ విద్యార్థులది. ఢిల్లీలో ఏ న్యూస్‌రూముకు వెళ్లినా, ఏ పీఆర్ సంస్థకు వెళ్లినా అక్కడివాళ్లు కనిపిస్తారు. ఒక చిక్కుంది. ఢెంకనాల్‌లో ఒడియాకు, కొట్టాయంలో మలయాళానికి, అమరావతిలో (మహారాష్ట్ర అమరావతి, మనది కాదు) మరాఠీకి కోర్సులున్నాయి. తెలుగుకు లేదు. అంటే మీరు ఇంగ్లిషు జర్నలిజంలోనో, అడ్వర్టైజింగ్-పీఆర్‌లోనో చేరాలి. తిరిగొచ్చి తెలుగు డెస్కులో కూర్చుంటే పెట్టిన ఖర్చు వృథా. హిందీ, ఇంగ్లిషు రెండూ వచ్చి ఢిల్లీలో ఉండడానికి సిద్ధమైతేనే వెళ్లండి. పీఆర్ వైపు వెళ్లే వాళ్లకు మాత్రం ఇది మంచి బేరం.

## ప్రైవేటు ఇంగ్లిషు కాలేజీలు

చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం (ఏసీజే), బెంగళూరులోని ఐఐజేఎన్ఎం లాంటివి. శిక్షణ గట్టిది, అందులో సందేహం లేదు. మొదటి నెల నుంచే వీధుల్లోకి తోస్తారు, రాసిన ప్రతి కాపీని చీల్చి చెండాడతారు. అయితే ఈ లెక్క చూడండి. 6 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు. నెలకు కిస్తీ 10,270 రూపాయల చిల్లర. చదివే ఏడాది వడ్డీ ఇందులో కలపలేదు. తెలుగు పత్రికలో కొత్తగా చేరినవాళ్ల జీతం సాధారణంగా 15 నుంచి 25 వేల మధ్య ఉంటుంది. 22 వేలు వచ్చినా దాదాపు సగం బ్యాంకుకే. ఇంగ్లిషు పత్రికలో, జాతీయ వెబ్‌సైటులో చేరితే జీతం ఇంతకంటే బాగుంటుంది గానీ ఢిల్లీ, ముంబై, బెంగళూరు అద్దెలు ఆ తేడాను మింగేస్తాయి.

ఇంట్లో డబ్బుండి, ఇంగ్లిషు జర్నలిజమే కావాలనుకునేవాళ్లకు ఇది సరైన చోటు. స్కాలర్‌షిప్ దొరికితే మిగతావాళ్లూ ఆలోచించొచ్చు. దొరకకపోతే హెచ్‌సీయూ.

అమెరికా, బ్రిటన్ జర్నలిజం మాస్టర్స్ గురించీ అడుగుతుంటారు. కొలంబియాలాంటి చోట ఫీజు, బతుకు ఖర్చు కలిపి లక్ష డాలర్లు దాటుతుంది. అమెరికాలో మామూలు జర్నలిజం డిగ్రీకి ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) 12 నెలలే, మన సాఫ్ట్‌వేర్ పిల్లలకు దొరికే 36 నెలలు కాదు. ఎకరం అమ్మి చదవాల్సిన కోర్సు ఇది కాదు.

## ఏ కోర్సూ లేకుండా

మండల కంట్రిబ్యూటరుగా చేరడానికి పెద్దగా అర్హత అక్కర్లేదు. నాలుగు నెలలు తిరిగితే మీ మండలం మీకు అరచేతిలో ఉంటుంది: ఏ సర్వే నంబరు మీద ఎవరికి తగాదా, ఏ చెరువు మట్టి రాత్రిపూట ఎక్కడికి పోతోంది. ఇంత చదువు ఏ యూనివర్సిటీ చెప్పదు.

డబ్బు సంగతి వేరు. చాలాచోట్ల కంట్రిబ్యూటరు సంస్థ ఉద్యోగి కాడు. అచ్చయిన వార్తను బట్టి లైన్ అకౌంటు. అది పెట్రోలుకు సరిపోతే గొప్ప. ప్రభుత్వం ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు (విలేకరి గుర్తింపు), బస్సు పాసు రాయితీ వస్తే వస్తాయి. పైన యాడ్ టార్గెట్. పంద్రాగస్టుకు, దసరాకు, సంక్రాంతికి, నాయకుడి పుట్టినరోజుకు ప్రకటనలు తేవాలి. ఎవరి దగ్గర? మొన్న ఎవరి సీసీ రోడ్డు నాసిరకమని రాశారో ఆయన దగ్గరే. ఈ పీటముడి విప్పుకోలేక మంచి రాతగాళ్లు ఎందరో వదిలేసి వెళ్లారు, కొందరు ఉండిపోయి పాడైపోయారు.

అందుకే నేను దీన్ని బతుకుదెరువుగా సిఫార్సు చేయను. డిగ్రీ చివరి ఏడాదిలోనో, స్కూలు పరీక్షకు ఎదురుచూసే కాలంలోనో ఆరు నెలలు చేయండి. పదిహేను మంచి బైలైన్లు (మీ పేరుతో అచ్చయిన వార్తలు) చేతిలో ఉంటే ఏ ఇంటర్వ్యూలోనైనా మాట్లాడొచ్చు.

యూట్యూబ్ ఛానెల్ కూడా ఈ కోవలోనిదే. ఆదాయం ఏ నెల ఎంతో చెప్పలేం, కేసు పడితే పక్కన సంస్థ లీగల్ విభాగం ఉండదు. వీడియో తీయడం, కట్ చేయడం మాత్రం దానివల్ల వచ్చేస్తుంది, అది ఎక్కడైనా పనికొస్తుంది.

## ఇంటర్ తర్వాతే మాస్ కమ్యూనికేషన్ బీఏ

వద్దనే చెబుతాను. మూడేళ్లలో నేర్పే పనిని ఏడాదిలో నేర్చుకోవచ్చు. ఆ మూడేళ్లు ఎకనామిక్స్, లా, అగ్రికల్చర్, స్టాటిస్టిక్స్ ఏదైనా చదవండి. రాష్ట్ర బడ్జెట్ పుస్తకం తెరిచి సవరించిన అంచనాలకు, అసలు ఖర్చుకు తేడా పట్టుకోగల రిపోర్టరు బ్యూరోలో ఒక్కరుంటే గొప్ప. కోర్టు తీర్పు పూర్తిగా చదివి రాయగలవాళ్లూ అంతే. సబ్జెక్టు తెలిసిన మనిషికి రాయడం నేర్పించడం సులువని డెస్కులో కూర్చున్న ఎవరైనా చెబుతారు.

## ఐదేళ్ల తర్వాత జీతం

పత్రికల్లో జీతాలకు కాగితం మీద రక్షణ కల్పించారు. పత్రికా సిబ్బంది జీతాలు తేల్చడానికి వేసిన మజీతియా వేజ్ బోర్డు సిఫార్సులను కేంద్రం 2011లో నోటిఫై చేసింది, 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆచరణలో కాంట్రాక్టు నియామకాలతో చాలామందికి ఆ ఫలం అందలేదు. కాబట్టి ఒకే డెస్కులో ఇంక్రిమెంట్లను నమ్ముకుంటే జీతం నత్తనడకే.

పెరిగే దారులు ఇవి: బీబీసీ తెలుగు లాంటి జాతీయ, అంతర్జాతీయ సంస్థల తెలుగు విభాగాలు, ఫ్యాక్ట్ చెకింగ్, కార్పొరేట్ కమ్యూనికేషన్, పీఆర్, సినిమా ప్రచారం, ఎన్నికల ముందు పార్టీల, కన్సల్టెన్సీల కంటెంట్ బృందాలు. వీటిలో దేనికీ తెలుగు ఒక్కటే చాలదు. తెలుగు దిట్టగా ఉండి, ఇంగ్లిషు చదివి అర్థం చేసుకుని, వీడియో తెలిసినవాళ్లకే పిలుపు వస్తుంది. పార్టీ కొలువులో జీతం ఎక్కువే, కానీ ఒకసారి ఒక జెండా కింద పనిచేశాక తిరిగి రిపోర్టింగ్‌కు రావడం కష్టం. అది తెలిసి వెళ్లండి.

## మీ పరిస్థితిని బట్టి

ఇంటికి డబ్బు పంపాల్సిన పరిస్థితి ఉండి, తెలుగు బాగా వస్తే పత్రికల స్కూలుకే మొదటి దరఖాస్తు. అందులో నాలుగేళ్లు పూర్తిచేసి, పక్కన ఇగ్నో పీజీ చేసుకుంటే రెండు చేతులా పని ఉంటుంది.

టీచింగ్ వైపో, సర్కారీ పీఆర్వో కొలువు వైపో మనసుంటే రెగ్యులర్ ఎంసీజే. సెలవుల్లో ఏదో ఒక డెస్కులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరిగా చేయండి.

ఇంగ్లిషు ఉంటే హెచ్‌సీయూ. ఢిల్లీ కూడా ఇష్టమైతే ఐఐఎంసీ.

రాత్రిళ్లు పనిచేయడానికి ఇంట్లో ఒప్పుకోని అమ్మాయిలు నాకు రాసే మాట ఒకటుంది: «ఎంసీజే చేయమన్నారు, ఉద్యోగం మాత్రం వద్దంటున్నారు.» వాళ్లు వెబ్ డెస్కులు, ఫీచర్స్ విభాగాలు, రేడియో, పీఆర్ ఎక్కువగా పగటి పనులని ఇంట్లో చూపించి మాట్లాడొచ్చు. ఆఫీసు బండి ఇంటిదాకా దింపుతుందా అన్నది ఇంటర్వ్యూలోనే అడగండి, అందులో మొహమాటం అక్కర్లేదు.

## చేరే ముందు

స్కూలు పరీక్ష, పీజీ ప్రవేశ పరీక్ష రెండూ రాయండి. రెండూ వస్తే బాండు కాగితం ఇంటికి తెచ్చుకుని చదవండి: మధ్యలో మానేస్తే కట్టాల్సిన మొత్తం, శిక్షణ కాలం మూడేళ్లలో కలుస్తుందా లేదా, పోస్టింగ్ ఏ జిల్లాలో ఇవ్వొచ్చు, ఒరిజినల్స్ తీసుకుంటారా. తీసుకుంటామంటే రసీదు అడగండి, అన్నిటి నకళ్లూ డిజీలాకర్‌లో పెట్టుకోండి. కాలేజీలో అయితే గత బ్యాచ్ వాళ్లను ముగ్గురిని పట్టుకుని ఇప్పుడు ఎక్కడ, ఎంతకు పనిచేస్తున్నారో అడగండి. నంబర్లు కాలేజీ వాళ్లు ఇచ్చినవి కాకుండా మీరు వెతికి పట్టుకున్నవైతే మేలు.